సహాయ నటి మొగుడు

జనవరి 20, సోమవారం

నూలు అంగడి వాళ్లు ఏటా ఒక డైరీ ఇస్తారు. ఫోను నంబర్లు రాసుకోవడానికి నా పెళ్లాం చంద్రకాంత తీసుకునేది. ఈ ఏడు ఆమె ఇంట్లో లేదు కాబట్టి నాకు మిగిలింది. నేను చదివింది మూడో తరగతి. ఒత్తులు తప్పు పోతాయి. ఎవరూ చూడబోరు, పోతే పోనీ.

పొద్దున తిరుపతి నుంచి కూతురు ప్రసన్నకుమారి ఫోను చేసింది. నా కుడి చెవి పోయి పదేళ్లయింది, ఎడమది సగం పని చేస్తుంది. అందుకని అరిచి చెప్పింది. వాళ్లమ్మ పేరు టీవీ వాళ్ల అవార్డు జాబితాలో వచ్చిందట. ఉత్తమ హాస్య సహాయ నటి. అయిదుగురిని ఏరారట, అందులో చంద్రకాంత ఒకతె.

సహాయ నటి అంటే ఏమని అడిగాను. అసలు వాళ్లు నటిస్తా ఉంటే పక్కన ఉండి నవ్వించేవాళ్లు అని చెప్పింది. అరవై ఒక్క ఏళ్ల మనిషి. నలభై ఏళ్లు నా పక్కన మగ్గం నడిపిన చేయి. ఇప్పుడు ఎవరి పక్కనో నిలబడి పళ్లికిలిస్తే దానికి ప్రైజు. అసహ్యమేసింది. అదే మాట చెప్పాను. ప్రసన్న ఫోను పెట్టేసింది.

జనవరి 21

రెండు మగ్గాలు నడిచాయి. రెండు నడవలేదు. రాయడానికి ఇంకేమీ లేదు.

జనవరి 23

ఇదంతా నా చేతులారా జరిగింది. రెండేళ్ల కింద రూపేష్ అనే డైరెక్టరు మా ఊరు నగరికి వచ్చాడు. గడ్డం ఉంది, మీసం లేదు. సీరియల్లో ఎవడో ఎవణ్ణో తరుముకునే సీను కోసం మగ్గాల షెడ్డు కావాలన్నాడు. రెండు రోజులే కదా అని నా షెడ్డు ఇచ్చాను.

నాలుగు కరెంటు మగ్గాలు ఒక్కసారి నడిస్తే పక్కన పిడుగు పడినా వినబడదు. షెడ్డులో నోటికి పని లేదు. అన్నీ చేతులతోనే. దారం తెగితే ఒక సైగ, దారం చుట్టిన కండె అయిపోతే ఒక సైగ, టీ వస్తే ఒకటి, షావుకారు వస్తే ఒకటి. ఒక్కో పనివాడికి ఒక్కో సైగ పేరు కూడా ఉంటుంది. ఢిల్లీబాబుకు కడుపు మీద సున్నా చుడతారు, వాడి పొట్ట చూసి. నా కూతురు మాట్లాడటం నేర్వక ముందే ఉయ్యాల్లోంచి దారం తెగిన సైగ చేసింది.

ఆ పొద్దు చంద్రకాంత షెడ్డు ఆ చివరి నుంచి నాకు చేతులతో చెప్పింది, నీ పంచె ఊడిపోతా ఉంది, కెమెరా నీ వైపే తిరిగి ఉంది అని. మొత్తం ఆరు సైగలు. రూపేష్ చూసి నేల మీద కూర్చుని నవ్వాడు. నెల తిరక్కుండా ఆమెను హైదరాబాదు పిలిపించుకున్నాడు.

ఆ సీరియల్ పేరు ‘అరుపులిల్లు’. ఇంటి నిండా అరిచేవాళ్లు. మూల కుర్చీలో ఒక చెవిటి అవ్వ. ఆ అవ్వ చంద్రకాంత. నోరు తెరవదు, చేతులతో, మొహంతో అందరి బండారం బయటపెడుతుంది. జనం పడి పడి నవ్వుతారు. మేము చెవులు పోగొట్టుకుని నేర్చుకున్న భాష అది. వాళ్లకు కోతి ఆట.

దీపావళికి ఆమె వచ్చినప్పుడు చెప్పాను. ఆ వేషం వదిలిపెట్టేదాకా నా గడప తొక్కొద్దు అని. సంచి తీసుకుని సాయంత్రం బండికి వెళ్లిపోయింది. మూడు నెలలయింది.

నేను అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదు.

జనవరి 26

బడిపిల్లలు జెండా వందనం ముగించుకుని చాక్లెట్లు చప్పరిస్తూ మా వీధిలో పోతున్నారు. నేను అరుగు మీద ఉన్నాను. నన్ను చూసి పదిమంది ఒకేసారి ముక్కు రెండు వేళ్లతో పట్టుకుని పైకి లేపారు, పెదవి వంకర తిప్పారు. సీరియల్లో అవ్వ చేసే సైగ. గొప్పలు పోయే పెద్దల్లుడు ఇంట్లోకి వచ్చినప్పుడల్లా అవ్వ ఇది చేస్తుంది. చంద్రకాంతకు పేరొచ్చింది దీనితోనే. పెళ్లిళ్లలో ఫోటోలు కూడా ఇట్లాగే దిగుతున్నారట.

ఆ సైగ మాదే. దాని అర్థం పెద్దల్లుడు కాదు. గంజి పులిసింది అని.

పడుగు దారాలకు పెట్టే గంజి పులిస్తే కంపు. నేను షెడ్డులోకి అడుగుపెట్టగానే కండెలు చుట్టే ఆడవాళ్లు ముక్కు పట్టుకుని చూపించేవాళ్లు. ఒక్కమాట అడక్కుండా వెనక్కి పోయి గంజి పారబోసి మళ్లీ కాచేవాణ్ణి. కొన్ని రోజులు రెండు సార్లు కూడా కాచాను. నా ముక్కుకు కంపు తెలియకపోయినా వాళ్ల మాట నమ్మేవాణ్ణి. దారాల మధ్య కూర్చునేది వాళ్లు కదా. ముప్పై ఏళ్లు ఇదే పని. వెంకటముని గుడ్డకు వాసన ఉండదని నగరిలో పేరు ఊరికే రాలేదు.

అంత మంచి సైగను తీసుకుపోయి ఒక గొప్పల అల్లుడికి తగిలించింది. ఛీ.

జనవరి 29

ఢిల్లీబాబు వచ్చాడు. పక్క షెడ్డు వాడిది. ఇరవై ఏళ్లు నా దగ్గర పనిచేసి తర్వాత సొంతంగా పెట్టుకున్నాడు. చెవులు నాకంటే అధ్వాన్నం, ఇద్దరం అరుచుకుంటే వీధంతా వింటుంది.

పిల్లల సంగతి చెప్పి, గంజి సైగను ఎట్లా పాడుచేసిందో చూడప్పా అన్నాను. వాడు నా మొహం చూశాడు. తర్వాత నేల చూశాడు. టీ గ్లాసు రెండు సార్లు చేతులు మార్చాడు.

“మునన్నా, నీకు నిజంగా తెలీదా?”

“ఏంది తెలిసేది?”

“అది గంజి కాదన్నా. అది నువ్వు.”

నాకు సరిగ్గా వినబడలేదేమో అనుకుని ఎడమ చెవి తిప్పాను. వాడు ఈసారి ఇంకా గట్టిగా చెప్పాడు.

“అది నీ పేరు. నువ్వు ఏ గుడ్డ చూసినా, ఏ మనిషిని చూసినా మూతి తిప్పి ముక్కు ఎగరేస్తావు గదా. దానికని ఆడోళ్లు పెట్టినారు. ముక్కోడు వస్తా ఉండాడు, తలకాయలు వంచుకోండి అని సైగ. నువ్వేమో బిరబిరా పోయి మంచి గంజి పారబోసేవాడివి. మేము మగ్గాలు ఆపుకోని నవ్వినాము. ఎన్ని కుండలు పోసినావో ఆ దేవుడికే తెలియాల.”

అందరికీ తెలుసా అని అడిగాను. అందరికీ అన్నాడు. చంద్రకాంతకు కూడానా అంటే, పెట్టిందే వదినెమ్మ అన్నాడు.

టీ తాగకుండా పంపించేశాను.

జనవరి 30

ముప్పై ఏళ్లు.

ఫిబ్రవరి 2

ఆలోచించాను. వాడు అబద్ధం చెబుతున్నాడు. వాడి గుడ్డ కంపు కొడుతుంది కాబట్టి నా మీద కుళ్లు.

సాయంత్రం టీవీ పెట్టాను. పాత ఎపిసోడు వేస్తున్నారు. పెద్దల్లుడు లోపలికి వచ్చాడు. సోఫా గుడ్డను రెండు వేళ్లతో పట్టుకుని ఎత్తి చూశాడు, వాసన చూశాడు, ఇది గుడ్డా అన్నాడు. ఆ నడక, ఆ మాట, పంచె కొస పట్టుకునే తీరు, అన్నీ నావే. మూలనుంచి చంద్రకాంత ముక్కు పట్టుకుంది.

వాడికి ఈ నడక నేర్పింది ఎవరో నన్నెవరూ అడగక్కర్లేదు.

టీవీ ఆపేశాను. వైరు కూడా పీకాను.

ఫిబ్రవరి 7

ప్రసన్న తిరుపతి నుంచి వచ్చింది. సంచిలో బంగారు అంచు కార్డు. పదహారో తేదీ ఆదివారం, తిరుపతిలోనే, రేణిగుంట దారిలో ఉన్న ఏదో పెద్ద హాల్లో అవార్డులు. పేరు ఎక్కిన ఒక్కొక్కరికి ఇంకొక మనిషిని తెచ్చుకునే సీటు ఇస్తారట. వాళ్లమ్మ ఆ సీటుకు నా పేరు రాయించింది.

నేను రానని చెప్పాను. కోతి ఆటకు తోకగా కూర్చోవడానికి నేను పుట్టలేదన్నాను.

ప్రసన్న కార్డును మంచం మీద పెట్టి, కొంగు దోపుకుని వంటింటికి పోయి నాలుగు రోజుల గిన్నెలన్నీ తోమింది. వెళ్లేటప్పుడు గడప దగ్గర నిలబడింది. ఆ పిల్లకు వాళ్లమ్మ కళ్లు.

“నాయనా, ఒకటి చెప్తా, విను. టీవీ వాళ్లు అమ్మకు ఇంకా మూడేండ్లకు కాగితం రాసినారు. ఆడ ఉండేదానికి ఇల్లు కూడా ఇస్తారంట. పదిహేడో తేదీ సంతకం. నువ్వు ఆ సీట్లో కూర్చుంటే నెలకు పది దినాలు నగరికి వచ్చేటట్టు రాయించుకుంటా అనింది. రాకపోతే పూర్తిగా ఆడనే. ఇంక ఈ ఇంటికి రాదు. ఇది బెదిరింపు కాదు నాయనా, అమ్మ ఏడ్చి చెప్పింది కూడా కాదు. గమ్మున చెప్పింది. అందుకే నాకు భయంగా ఉండాది.”

ఆ సైగ సంగతి నీకు తెలుసా అని అడిగాను. ప్రసన్న తల వంచుకుంది. అంటే తెలుసు. ఉయ్యాల్లోంచే తెలుసేమో.

ఫిబ్రవరి 8

వెళ్లను.

ఫిబ్రవరి 11

వెళ్లను. వెళితే నా మాట నేనే కడుక్కున్నట్టు. పోతే పోనీ హైదరాబాదుకు. ఆడమనిషి లేకుండా బతకలేనా? రాగి సంగటి కెలకడం నాకూ వచ్చు. ఈరోజు కెలికాను. ఉండలు కట్టింది. తిన్నాను.

ఫిబ్రవరి 14

తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించాను. చాలా కాలంగా నలిగి ఉంది, అందుకని. వేరే కారణం లేదు.

ఫిబ్రవరి 16

తిరుపతిలో చెవుల డాక్టరు ఆదివారం కూడా చూస్తాడని ఎవరో అన్నారు. ఏడు గంటల బస్సుకు పోతున్నాను.

ఫిబ్రవరి 17, సోమవారం

నిన్నటిది రాయాలి.

చెవుల డాక్టరు ఆదివారం చూడడు.

అటూ ఇటూ తిరిగి హాలు దగ్గరికి పోయేటప్పటికి మధ్యాహ్నం మూడు. కార్డు చూపించాను. లోపల చలి. పూల సెంటు, కోడి వేపుడు, మొహాలకు పూసుకునే పొడి, అన్నీ కలిసి ఒక కంపు. పులిసిన గంజి దీనికంటే ఎంతో మేలు. గులాబీ లైట్లు, ఒక్క మొహమూ సొంత రంగులో లేదు. వెండితెర వాళ్లు, సీరియల్ నాయికలు ముందు సోఫాల్లో ఉన్నారు. సహాయ నటులందరికీ నాలుగో వరస, ప్లాస్టిక్ కుర్చీలు, వాటికి గుడ్డ కప్పారు. గుడ్డ పట్టుకుని చూశాను. పాలిస్టరు.

చంద్రకాంత ఉంది. పట్టుచీర కట్టారు, మొహానికి తెల్లగా పూశారు, తలకు పెట్టుడు జుట్టు. నన్ను చూసి పక్క కుర్చీ మీదున్న సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. అంతే. నేను కూర్చున్నాను.

చెవిలో తీగ పెట్టుకున్న ఒక పిల్ల వచ్చింది. అయిదుగురు ఆడవాళ్లనూ లేపి, మీ పేరు పిలిచినప్పుడు ఆశ్చర్యపోవాలి, ఒకసారి ఆశ్చర్యపోయి చూపించండి అంది. పోయారు. ఇంకొంచెం అంది. మళ్లీ పోయారు. మీ పేరు పిలవకపోయినా నవ్వుతూ చప్పట్లు కొట్టాలి, అది కూడా చూపించండి అంది. చూపించారు. అయిదుగురూ యాభై దాటినవాళ్లు. ఒకామె కాలికి కట్టు ఉంది. అట్లా మూడు సార్లు లేపి కూర్చోబెట్టింది.

ముందు పెద్దవాళ్ల అవార్డులు. పాటలు, డాన్సులు, పొగ. ఒక్కొక్కరు పావుగంట ఏడుస్తూ మాట్లాడారు. మా వంతు వచ్చేటప్పటికి జనం సగం భోజనాల వైపు లేచారు. కెమెరా వాళ్లు ఇద్దరు కిందికి దిగి నీళ్లు తాగుతున్నారు. ఇది టీవీలో పూర్తిగా రాదులెండి, కింద పేరు పోతుంది అని ఆ తీగ పిల్లే చెప్పింది.

చంద్రకాంత పేరు పిలిచారు.

ఆమె ఆశ్చర్యపోలేదు. మగ్గం దగ్గరికి పోయినట్టు లేచి పోయింది. మైకు పట్టుకున్నవాడికి పళ్లు ఎక్కువ. అమ్మా, మీ ముక్కు సైగ ఒకసారి చేయండి అన్నాడు. చేసింది. మిగిలిన జనం కేకలు వేశారు. దీని అర్థం ఏంటమ్మా, ఆంధ్రా తెలంగాణా మొత్తం తెలుసుకోవాలనుకుంటోంది అన్నాడు.

ఆమె నాలుగో వరస వైపు చూసింది. నాకు మైకు గోల సరిగ్గా వినబడదు, కానీ నోరు చూసి చదవడం నాకు చెవుడు నేర్పింది. ఆమె ఇలా చెప్పింది: “అది మా మగ్గాల కాడ మాటయ్యా. గంజి పులిసిందని అర్థం. మా ఇంటాయన గంజి వాసన పట్టడంలో మొనగాడు.”

అబద్ధం. నన్ను కప్పడానికి, వెయ్యి మంది ముందర, చేతిలో ప్రైజు పెట్టుకుని. నా పెళ్లాం నన్ను చూసి జాలిపడింది. ఇంతకంటే అసహ్యం ఇంకొకటి నాకు ఆ హాల్లో కనబడలేదు.

లేచి నిలబడ్డాను. మా షెడ్డు గొంతుకు మైకు అక్కర్లేదు.

“గంజి కాదు. అబద్ధం చెబతా ఉండాది. అది నా పేరు. నేను ముక్కు ఎగరేస్తానని ఈమే పెట్టింది. ముప్పై ఏండ్లు నాకు తెలీక మంచి గంజి పారబోసినాను.”

హాలంతా పగలబడి నవ్వింది. భోజనాలకు పోయినవాళ్లు ప్లేట్లు పట్టుకుని వెనక్కి వచ్చారు. పళ్లవాడు మైకు తీసుకుని పరిగెత్తుకొచ్చి, తాతగారికి కోపం వచ్చిందా అన్నాడు. కోపం కాదు, అసహ్యం అన్నాను. నవ్వారు. ఆడవాళ్లను మూడు సార్లు లేపి కూర్చోబెట్టడం అసహ్యం అన్నాను. ఇంకా నవ్వారు. ఆ కాలికట్టు ఆమెకు కుర్చీ ముందు వేయండి అన్నాను. కళ్లు తుడుచుకున్నారు. నిజం ఎంత చెబితే అంత నవ్వు. నీళ్లు తాగుతున్న కెమెరావాళ్లు కూడా ఎక్కి తీశారు.

ఒక్క మనిషి నవ్వలేదు. స్టేజీ మీద చంద్రకాంత. నన్ను చూస్తా నిలబడింది, పెట్టుడు జుట్టు ఒక పక్కకు జారింది.

మెట్లు దిగుతుంటే తీగ పిల్ల ఆమె చేతిలోంచి ప్రైజు లాక్కుంది. ఇది తర్వాతి వాళ్లకు ఇవ్వాలి, మీది కొరియర్లో పంపుతాం అంది. తూ.

హాలు బయట కాచుకుని ఉన్న ప్రసన్న తన ఇంటికి రమ్మంది. నేను ఆగలేదు. బస్టాండుకు నడిచాను. నగరి బస్సు ఇంకా కదలలేదు. పదిమంది డ్రైవర్లు ఒకేసారి ఇంజిన్లు ఆన్ చేసి పెట్టుకున్నారు, షెడ్డులో ఉన్నట్టే ఉంది. వెనక ఎవరో భుజం తట్టారు. చంద్రకాంత. మొహం మీద ఆ తెలుపు అట్లాగే ఉంది. ఆటోలో వచ్చినట్టుంది, రొప్పుతోంది. పక్కన ఎవరో ఆడపిల్లలు ఫోటో కావాలని ముక్కులు పట్టుకున్నారు. తర్వాతమ్మా అని పంపించేసింది.

“ఎందుకు లేచినావు?” అంది.

“నువ్వెందుకు అబద్ధం చెప్పినావు?”

“ఇంటి మొగోణ్ణి అంతమంది ముందర ముక్కోడు అని చెప్పేదానికి నాకు నోరు రాలేదు.”

“రెండేండ్లుగా టీవీలో చెప్తానే ఉండావు గదా.”

“అప్పుడు ఎవురికీ తెలీదు. మన షెడ్డోళ్లకు తప్ప.” పెట్టుడు జుట్టు సర్దుకుంది. “ఆ గంజి సంగతి మొదటి దినమే చెప్పుండాల్సింది. నువ్వు అంత నమ్మకంగా పోయి పారబోస్తా ఉంటే, చెప్పబుద్ధి కాలేదు. రేపు చెప్తాం, రేపు చెప్తాం అని ముప్పై ఏండ్లు పోయింది.”

పెదవి తిప్పి ఉంటాను, ఎందుకంటే ఆమె నా ముక్కు వైపు చూసింది.

“రేపు పది గంటలకు తిరుపతిలోనే సంతకం పెడతా,” అంది. “పెట్టాలా వద్దా అని నిన్ను అడగలా. నెలకు పది దినాలు నగరికి వచ్చేటట్టు రాయించినాను. వచ్చి యాడ ఉండాలనేది అడగతా ఉండా. గడప తొక్కొద్దంటివి. ఆ మాట ఉండాదా, పోయిందా?”

ఇంజిన్ల గోల. నేను చెయ్యి ఎత్తాను. రమ్మనడానికి మాకు ఒక సైగ ఉంది, అరచెయ్యి లోపలికి. సగం ఎత్తగానే ఆమె నా మణికట్టు పట్టుకుని కిందికి దించింది.

“చేత్తో కాదు. పొమ్మనింది నోటితో. రమ్మనేది కూడా నోటితోనే రావాల.”

చుట్టూ జనం. సంచులు, పిల్లలు, కొండ దిగి వచ్చిన గుండ్లవాళ్లు. కొంతమంది ఆమెను గుర్తుపట్టి మమ్మల్నే చూస్తున్నారు. అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి నాకు. ఒకసారి అన్న మాటను తిరిగి తీసుకున్న పాపాన పోలేదు. ఇంజిన్ల గోల మీదుగా బలంగా అరవాల్సి వచ్చింది.

“రా.”

ఆ వరసలో ఉన్న బస్సులన్నిట్లోంచీ తలలు బయటికి వచ్చాయి. నగరి కండక్టరు మెట్టు మీద నుంచి వంగి, “వస్తా ఉండాము తాతా, కొంచెం ఓర్చుకో,” అన్నాడు.

చంద్రకాంత కొంగుతో మొహం తుడుచుకుంది. తెలుపు పోయి కింద ఆమె నలుపు కనబడింది.

“వినిపించిందిలే,” అంది. “రేపు సంతకం పెట్టి మాపటికి వస్తా. పొయ్యి నువ్వు ముట్టుకోవద్దు. సంగటి ఉండలు కట్టిందంట గదా, ప్రసన్న చెప్పింది.”

ప్రసన్నకు ఎవరు చెప్పారో తెలియదు. ఈ ఇంట్లో నా గురించి నాకు తెలియనివి ఇంకా ఎన్ని ఉన్నాయో.

ఇప్పుడు సాయంత్రం అయిదున్నర. పుత్తూరు దాటానని ఫోను వచ్చింది. గడప కడిగించాను.